పట్టుదల ఎవరిది, చాదస్తం ఎవరిది?

రాజధానిలో ఒక నాయకుని తీసిపారవేయదలచినవారు ఆయన విధానాన్ని విమర్శించే శ్రమ పెట్టుకోరు. ఆయనకున్న ఒక అలవాటును పట్టుకుంటారు. అందుకు హిందీలో మూడు మాటలు ఎల్లప్పుడూ సిద్ధంగా ఉంటవి: సనకీ, ఝక్కీ, ఖబ్తీ. ఈ మూడింటికీ ఛాయాభేదాలున్నవని పండితులు చెప్పగలరు. రాజకీయాలలో మాత్రం వాటి ప్రయోజనం ఒక్కటే. ఆ మాట ఒకసారి మీద పడిన తరువాత ఆ మనిషి చెప్పినదానికి ఎవరూ సమాధానం చెప్పనక్కరలేదు. నవ్వితే చాలును.

ఈ విషయం ఇప్పుడు జ్ఞప్తికి రావటానికి కారణం సూరత్. పనిమీద ఆ నగరానికి వెళ్లి మూడు దినాలు ఉండవలసి వచ్చినది. సూరత్ అనగానే మనవారికి చీరలు, వజ్రాలు గుర్తుకు వస్తవి. ఢిల్లీలో రాజకీయాలు వ్రాసేవానికి మాత్రం మరొక పేరు తోచక మానదు. 1957 నుండి 1980 వరకు లోక్‌సభలో ఆ నగరానికి ప్రతినిధి ఒక్కరే: మొరార్జీ దేశాయ్. 1971లో ఇందిరాగాంధీ ప్రభంజనంలో మహామహులు కొట్టుకొనిపోయినప్పుడు కూడ సూరత్ ఆయనను వదలలేదు. ఆయన పుట్టినదీ అప్పటి సూరత్ జిల్లాలోనే, వల్సాడ్ సమీపాన భదేలీ గ్రామంలో. 1896 ఫిబ్రవరి 29వ తేదీన. నాలుగేండ్లకు ఒకసారి వచ్చే పుట్టినరోజు కూడ ఆయనకు తగినట్లే ఉన్నదని రాజధానిలో చమత్కరించేవారు.

మొరార్జీ పేరు చెప్పగానే మన పాఠకులలో నూటికి తొంబైమందికి మొదట గుర్తుకు వచ్చేది ఏమిటో ఇక్కడ విప్పి చెప్పనక్కరలేదు. శివాంబు చికిత్స. 1978లో, ప్రధానమంత్రి పదవిలో ఉండగా, అమెరికా టెలివిజన్‌లో పేరుపొందిన ఒక కార్యక్రమంలో ఆయన దానిని గురించి దాపరికం లేకుండ చెప్పారు. వైద్యానికి డబ్బులేని కోట్లాది బీదలకు అది చక్కని మందు అన్నది ఆయన విశ్వాసం. ఆ విశ్వాసానికి శాస్త్రాధారం లేదు. కాని ఆయన ఎవరిచేతా త్రాగించలేదు. ఏ చట్టమూ చేయలేదు. అది ఆయన ఇంటి గోడలమధ్య అలవాటు. ఈనాటికీ ఆయనను గురించి లోకానికి మిగిలిన జ్ఞాపకం అదే. పది బడ్జెట్లు ప్రవేశపెట్టిన ఆర్థికమంత్రిని, అత్యవసర పరిస్థితి తరువాతి తొలి ప్రధానిని, ఒక గ్లాసులో పెట్టి మూతవేసి పక్కన పెట్టినాము.

మన భాషకు ఈ విషయంలో దారిద్ర్యం లేదు. మొండితనం, మంకుపట్టు, పెంకితనం, తిక్క, చాదస్తం, వెర్రి, పిచ్చి. వీటిలో ఏ రెండూ ఒకటి కావు. మంకుపట్టు పిల్లలది, లేదా పిల్లలవలె ప్రవర్తించే పెద్దలది. తిక్క ఎక్కుతుంది, దిగుతుంది, దానికి రాకపోకలున్నవి. మొండితనానికి రాకయే గాని పోక లేదు. పెంకితనంలో కాస్త తెలివి, కాస్త కొంటెతనం కలిసి ఉంటవి. పిచ్చి అన్న మాటను మనవాళ్లు ఎంత ప్రేమగా వాడతారో చెప్పలేము. పుస్తకాల పిచ్చి, నాటకాల పిచ్చి అంటే తిట్టో మెప్పో గొంతునుబట్టి తెలియవలసినదే. బిడ్డను ముద్దాడుతూ పిచ్చి తండ్రీ అనే తల్లి వైద్యపరిభాష మాట్లాడటం లేదు గదా. వెర్రి వేయివిధాలన్నారు, ప్రతివాని తలలోనూ వేపకాయంత ఉంటుందనికూడ అన్నారు. వెలక్కాయంత అనలేదు. ఆ కొలతలోనే పెద్దల ఔదార్యమున్నది.

చాదస్తం సంగతి వేరు. ఛందస్సు అంటే వేదం. ఛాందసుడు అంటే వేదం చదువుకొన్నవాడు. వేదం చదివినవాడు లోకం తెలియనివాడన్న అపహాస్యంలో పడి ఆ మాట క్రమంగా చాదస్తమై, ఇప్పుడు ఇంటిలో పెద్దవారికి కోడళ్లు పెట్టే పేరైనది. ఇది మనకే ప్రత్యేకమని ఈ విలేఖరి ఇంతకాలం అనుకున్నాడు. సూరత్‌లో ఒక పాత పుస్తకాల దుకాణదారుతో మాట్లాడుతూ ఉండగా తెలిసినది, గుజరాతీలోకూడ సరిగా ఇదే జరిగినదని. అక్కడి మాట వేదియో. అర్థం వేదం తెలిసినవాడనే. వాడుకలో మాత్రం లోకజ్ఞానం లేక, అక్షరం పట్టుకొని వ్రేలాడేవాడు. రెండు జాతులు ఒకరినొకరు సంప్రదించుకోకుండానే ఒకే మనిషిని ఒకే విధంగా ఎగతాళి చేసినవి. మొరార్జీభాయి వేదియోయేనా అని అడిగితే ఆ దుకాణదారు తల అడ్డంగా ఊపాడు. ‘‘వేదియోకు అధికారం ఉండదు సాహెబ్. ఆయనకు ఉన్నది’’ అన్నాడు.

అది చాలా సూక్ష్మమైన మాట. గుజరాత్ కాంగ్రెసులో ఆయన మాటకు తిరుగులేని దినాలలో ఆయనకున్న పేరు సర్వోచ్చ. అనగా అందరికంటె పైవాడు. అదే మనిషి, అదే పట్టు. అధికారం చేతిలో ఉన్నంతకాలం సర్వోచ్చ. అది జారిపోగానే జిద్దీ. పూర్తిగా పోయిన తరువాత ఝక్కీ. మనిషి మారలేదు. పేరు పెట్టేవాని ధైర్యం మాత్రం పెరుగుతూ వచ్చినది.

మాటలను గురించి ఈ విధంగా ఆలోచించటానికి సూరత్ తగిన చోటే. గుజరాతీకి తొలి సమగ్ర ఏకభాషా నిఘంటువు వ్రాసిన నర్మదాశంకర్, జనం నోట నర్మద్, ఆ ఊరివాడే. 1833లో పుట్టి 1886లో పోయినాడు. ఇరవై అయిదేండ్ల వయసులో, 1858లో, ఉపాధ్యాయ ఉద్యోగం వదలి, ఇకమీదట కలంమీదనే బ్రతుకుతానని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ కాలంలో, ఆ భాషలో, కలంమీద బ్రతకటమంటే ఉపవాసముండటానికి మరొక పేరు. బంధువులు దానికి ఏ పేరు పెట్టి ఉంటారో ఊహించవచ్చు. అప్పులలో కూరుకొనిపోతూనే మాట వెంబడి మాట పోగుచేసి 1873లో నర్మకోశాన్ని అచ్చులో చూచినాడు. ఇరవైనాలుగేండ్లు ఒట్టు నిలుపుకొని, చివరకు 1882లో ఒక ధర్మసంస్థలో ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. ఆ దినం ఆయనకు ఎంత దుఃఖమైనదో గుజరాతీలు ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. ఈనాడు దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే ఉన్నది. వెర్రి ముదిరి విశ్వవిద్యాలయమైనదని సూరత్‌లో ఒక ఆచార్యుడే ఛలోక్తి విసిరాడు. మన గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకోకుండ ఉండలేకపోయినాను. చెవులు వినిపించని మనిషి, జనం నోటిమాటకోసం పండితలోకమంతటితో పోరాడినాడు. అడవిలో సవరల భాషకు నిఘంటువు కూర్చినాడు. పర్లాకిమిడిలో ఆయన వెనుక ఎన్ని నవ్వులు నవ్వుకొని ఉంటారు!

(సూరత్ వారి నోటిమాట గురించి ఒక ముక్క చెప్పక తప్పదు. పత్రికలో అచ్చువేయరాని పదాలను ప్రేమవాచకాలుగా వాడటం ఆ ఊరి సంప్రదాయమని గుజరాత్ అంతటా ప్రతీతి. మిత్రుడు మిత్రుని పలకరించే తీరు విని మొదటిసారి వచ్చినవాడు తగవులాట అనుకొని ప్రక్క వీధికి తప్పుకుంటాడు. తిట్టుకు ఇంత గౌరవమిచ్చిన ఊరిలో ‘జిద్దీ’ అన్న మాట బిరుదు క్రిందనే లెక్క.)

పొరబాటు పడకూడదు. మొరార్జీని మనం అన్యాయంగా ఎగతాళి చేసినామని చెప్పటం ఈ లేఖ ఉద్దేశం కాదు. తప్పుడు అలవాటును ఎగతాళి చేసినాము. ఎగతాళి కాదు, అభిశంసన చేయవలసిన అలవాటు మరొకటి ఉన్నది. చైనా యుద్ధం ముగిసిన రెండు మాసాలకే, 1963 జనవరిలో, ఆర్థికమంత్రిగా ఆయన బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చారు. కొత్తగా చేసే నగ పధ్నాలుగు కారట్లకు మించరాదన్నారు. దొంగరవాణా ఆగుతుంది, విదేశీ మారకం మిగులుతుంది, భారత స్త్రీకి బంగారం మీద ఉన్న మోజు తగ్గుతుంది: ఇదీ తర్కం. మొదటి రెండూ ఆర్థికశాస్త్రం. మూడవది మాత్రం పక్కా మొరార్జీ. ఆయనకు బంగారం అక్కరలేదు. కనుక దేశానికీ అక్కరలేదు.

మంగళసూత్రం పధ్నాలుగు కారట్లలో చేయించుకొనే తల్లి తెనాలిలో ఉన్నదా, వరంగల్లులో ఉన్నదా? లేదు. కొనేవారు కొనటం మానివేశారు, లేదా చాటుగా కొన్నారు. దొంగరవాణా ఆగలేదు. ఆగినది స్వర్ణకారుని కొలిమి. తాత తండ్రులనాటి నుండి పట్టకారు, సుత్తి తప్ప మరొకటి తెలియని కుటుంబాలు ఊరూరా పనిలేక కూర్చున్నవి. ఆత్మహత్యల వార్తలు పత్రికలలో వచ్చినవి, పార్లమెంటులో ప్రస్తావనకు వచ్చినవి. మూడేండ్లకు పధ్నాలుగు కారట్ల నిబంధనను సడలించారు. ఆ నియంత్రణలకు 1968లో ప్రత్యేక చట్టమే వచ్చి, 1990లో గాని అది రద్దు కాలేదు. శివాంబును గురించి కోటి ఛలోక్తులు పుట్టిన దేశంలో పధ్నాలుగు కారట్లను గురించి ఎందరికి గుర్తున్నది? నవ్వు వచ్చే అలవాటు మిగిలినది. ఏడ్పు తెచ్చిన అలవాటు మాసిపోయినది.

మద్యనిషేధం కథకూడ ఇటువంటిదే. బొంబాయి రాష్ట్రంలో ఆయన హోంమంత్రిగా ఉండగా 1949లో వచ్చిన చట్టమే, 1960లో రాష్ట్రం విడిపోయిన తరువాత గుజరాత్‌కు వారసత్వంగా సంక్రమించినది. ఉద్దేశం మంచిది కాదని ఎవరంటారు? నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా దుకాణం మూయించిన స్త్రీలకు ఆ ఉద్దేశం విలువ మనకంటె బాగా తెలుసును. కాని దూబగుంటలో అది క్రిందినుండి పుట్టినది. బొంబాయి సచివాలయంలో పైనుండి దిగినది. చట్టం ఉన్న గుజరాత్‌లోనే 2009లో అహమ్మదాబాద్‌లో కల్తీసారా త్రాగి నూరుమందికి పైగా చనిపోయినారు. 2022లో బోటాద్ ప్రాంతంలో నలభైమందికి పైగా. ఎవరికి డబ్బున్నదో వారికి సరిహద్దు దాటి డామన్ ఎంతో దూరం కాదు. సూరత్‌నుండి మరీ దగ్గర.

మనకూ ఈ అనుభవం ఉన్నది. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్ర తొలి మంత్రివర్గం పడిపోయినది మద్యనిషేధం తగవుమీదనే, ఒక్క ఓటుతో. పడిపోయిన ముఖ్యమంత్రి ప్రకాశం పంతులుగారు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కారంనాడు తుపాకికి రొమ్ము చూపినది మొండితనం గాక మరేమిటి? దానికి మనం పెట్టుకున్న పేరు ఆంధ్రకేసరి. అదే మొండితనం మంత్రివర్గం నడపటంలో కనబడినప్పుడు స్వపక్షీయులే పెట్టిన పేర్లు వేరు. సంపాదించినదంతా దేశానికి ధారపోసి చివరి దినాలలో చేతిలో కాసు లేకుండ బ్రతికిన తీరును త్యాగమన్నవారున్నారు, లెక్కలేనితనమన్నవారున్నారు. ఇరువురూ చూచినది ఒకే చేయి.

పేరు ఎంత ప్రాణాంతకం కాగలదో తెలియాలంటే ఆంధ్రులు మరొకరిని తలచుకోవలసి ఉన్నది. 1940లలో నెల్లూరు వీధులలో ఒక మనిషి చెప్పులు లేకుండ, నెత్తిన గుడ్డ లేకుండ, మండుటెండలో తిరిగేవాడు. ఒంటిమీద అట్టలు కట్టుకొని వాటిమీద హరిజన సేవను గురించి, ఆలయప్రవేశాన్ని గురించి నినాదాలు వ్రాసుకొనేవాడు. బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు చదివి, రైల్వేలో మంచి ఉద్యోగం చేసి, అది వదలి సబర్మతి ఆశ్రమం చేరి వచ్చినవాడు. 1946లో నెల్లూరు వేణుగోపాలస్వామి ఆలయంలోనికి హరిజనులను రానివ్వాలని నిరాహారదీక్ష పట్టినాడు. నెల్లూరు పెద్దలు ఆయనకు పెట్టిన పేరు తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు. వెర్రివాడని ప్రక్కకు తప్పుకొని పోయేవారు.

1952 అక్టోబరు 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తిగారి ఇంట, పొట్టి శ్రీరాములు ఆంధ్ర రాష్ట్రంకోసం నిరశన ప్రారంభించినప్పుడు ఆ పేరు ఆయనకంటె ముందుగా ఢిల్లీ చేరి ఉన్నది. ఇతడు మాటిమాటికి ఉపవాసాలు చేసే మనిషి, పట్టించుకోనక్కరలేదు: ఇదీ రాజధాని అంచనా. ఎక్కడో ఏదో దీక్ష జరుగుతున్నదని, తంతులు వస్తున్నవని, తాను చలించబోనని నెహ్రూ రాజాజీకి వ్రాసినది డిసెంబరు మొదటివారంలో. అప్పటికి నలభై దినాలు దాటినవి. డిసెంబరు 15 రాత్రి, 58 దినాల తరువాత, శ్రీరాములు కన్నుమూసినాడు. ఆంధ్రదేశం భగ్గుమన్నది. రైళ్లు ఆగినవి, తుపాకులు పేలినవి, మరికొందరు ప్రాణాలు పోయినవి. 19వ తేదీన ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటన వచ్చినది. నాలుగు దినాలలో ఇవ్వగలిగినది యాభైఎనిమిది దినాలలో ఇవ్వలేకపోవటానికి కారణాలు పది చెప్పవచ్చు. అందులో ఒకటి, ఆ మనిషిని ఎవరూ మనిషిగా లెక్కలో వేసుకోకపోవటం. వెర్రివాని కోర్కెకు గడువు ఉండదు గదా.

దీని ప్రక్కన మొరార్జీ ఉపవాసాన్ని పెట్టి చూడండి. 1975 ఏప్రిల్‌లో గుజరాత్ శాసనసభకు ఎన్నికలు జరపాలని ఆయన నిరవధిక నిరశన పూనినారు. వయసు డెబ్బైతొమ్మిది. ప్రధానమంత్రి ఆయనకు బద్ధవిరోధి. అయినా వారం దినాలు గడవకమునుపే ప్రభుత్వం ఎన్నికలకు ఒప్పుకున్నది. ఆ ఎన్నికల ఫలితాలు జూన్ 12న వెలువడుతూ ఉండగానే అలహాబాద్ హైకోర్టు తీర్పు వచ్చినది. తరువాతి చరిత్ర అందరికీ తెలిసినదే. ఉపవాసం అదే, ఆకలి అదే. ఒకరిది మాజీ ఉపప్రధాని ఆకలి. ఇంకొకరిది అట్టలు కట్టుకొని తిరిగినవాని ఆకలి. శ్రీరాములుకు మనం అమరజీవి అన్న బిరుదు ఇచ్చుకున్నాము. ప్రాణం పోయిన తరువాత.

అలహాబాద్ తీర్పు మాట వచ్చినది గనుక, ఆ దావా వేసిన రాజ్ నారాయణ్‌ను విడిచిపెట్టలేము. తలకు ఆకుపచ్చని గుడ్డ చుట్టుకొని, ఎప్పుడు ఏమి మాట్లాడతాడో తెలియని ఆ భారీ మనిషిని ఢిల్లీ పత్రికలు విదూషకుడన్నవి. 1971లో రాయబరేలీలో లక్షకు పైగా ఓట్లతో ఓడినవాడు ఎన్నికల దావా వేస్తే నవ్వనివారెవరు? నాలుగేండ్లు ఆ దావాను వదలలేదు. వివేకి అయినవాడు వదలి ఉండేవాడు. 1977లో అదే రాయబరేలీలో అదే ఇందిరాగాంధీని ఓడించినాడు. ఆ తరువాత జనతా ప్రభుత్వాన్ని కూల్చటంలోనూ ఆయన చేయి తక్కువ లేదనుకోండి. వెర్రికి నిలకడగా ఒక పక్షం ఉండదు.

మొరార్జీ ప్రధానమంత్రిత్వానికే మళ్లీ వద్దాము. ఎనభైఒకటవ ఏట పదవి స్వీకరించి రెండేండ్ల నాలుగు మాసాలు నిర్వహించారు. 1978 జనవరిలో వెయ్యి, అయిదువేల, పదివేల నోట్లు రద్దుచేశారు. రిజర్వు బ్యాంకు గవర్నరుకు ఇష్టం లేదు. అయినా చేశారు. అప్పుడు ఆ నోట్లు సామాన్యుని చేతిలో లేవు గనుక సామాన్యునికి నొప్పి తెలియలేదు. 2016లో తెలిసినది. అదే ప్రభుత్వం రాజ్యాంగానికి నలభైనాలుగవ సవరణ తెచ్చినది. ‘అంతరంగిక కల్లోలం’ అన్న సాకుతో అత్యవసర పరిస్థితి విధించటానికి వీలులేకుండ, ‘సాయుధ తిరుగుబాటు’ ఉంటేనే తప్ప కుదరదని మార్చినది. ఏ అత్యవసరంలోనైనా ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన ఇరవైఒకటవ అధికరణాన్ని ఊడపెరకటానికి లేకుండ కట్టుదిట్టం చేసినది. ఆనాడు జైలులో పంతొమ్మిది మాసాలు గడిపివచ్చిన మొండివాడు పీఠంమీద లేకపోతే అంత గట్టిగా బిగించి ఉండేవారా అన్నది ఈ విలేఖరికి సందేహమే. సర్దుకొనిపోయేవారు సవరణలనుకూడ సర్దుబాటుగానే వ్రాస్తారు.

కనుక బంగారంమీద పట్టినదీ, రాజ్యాంగం విషయంలో పట్టినదీ ఒకే ఉడుంపట్టు. ఒకదానిని చాదస్తమని, రెండవదానిని దృఢసంకల్పమని పేర్లు పెట్టి విడదీయటం మన సౌకర్యం కొరకే. ఆయనకు ఆ తేడా తెలియదు. తెలిస్తే మొరార్జీయే కాడు.

తెలుగువారికి ఈ చేదు 1980లలో మరొక విధంగా అనుభవమైనది. ఎన్.టి. రామారావు కాషాయం కట్టి ఢిల్లీలో అడుగుపెట్టినప్పుడు ఆంగ్లపత్రికలకు కనబడినది ఆ వస్త్రమే. రెండు రూపాయలకు కిలో బియ్యం గురించి ఒక వాక్యం, కాషాయం గురించి ఒక పేజీ. 1984 ఆగస్టు 16న ఆయనను గవర్నరు బర్తరఫ్ చేసిన తరువాత, గుండె శస్త్రచికిత్స జరిగి నెల కూడ కాని మనిషి, చక్రాల కుర్చీలో కూర్చుండి తన శాసనసభ్యులను వెంటబెట్టుకొని రాష్ట్రపతి భవన్‌కు వచ్చిన దృశ్యం చూచి, అంతవరకు వేషమన్నవారే ప్రజాస్వామ్యమన్నారు. సరిగా నెల దినాలకు పదవి తిరిగి వచ్చినది. మనవారు గర్వించినారు. గర్వించవలసినదే. అయితే అదే రామారావు 1983లో ఒక్క కలంపోటుతో ఉద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించినప్పుడు, 1989లో మంత్రివర్గంలోని అందరినీ ఒక్కసారిగా తొలగించినప్పుడు, మనం దానికి ఏ పేరు పెట్టుకున్నాము? అభిమానులు సాహసమన్నారు. ఇంటికి పోయిన గుమాస్తా తిక్క అన్నాడు. గుమాస్తాకే ఆ పేరు పెట్టే హక్కు ఉన్నదని నా అభిప్రాయం.

లింబాయత్‌కు వెళ్లిననాడు ఈ మాట మరొక నోట విన్నాను. సూరత్‌లో తెలుగువారు మరమగ్గాల చుట్టూ ఊరికి ఊరే కట్టుకున్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాలలో చేమగ్గం ఆగిన తరువాత వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎక్కువ. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపినదంటే సంఖ్య ఊహించుకోవచ్చు. ఒక సందులో అరవై దాటిన నేతకార్మికుడు, తండ్రితో చిన్నతనంలోనే వచ్చినవాడు, టీ త్రాగుతూ మాట కలిపాడు. మొరార్జీ దేశాయ్ గుర్తున్నారా అని అడిగాను.

‘‘మా నాయిన చెప్పెటోడు సారూ. మస్తు జిద్దు మనిషట.’’

మన తెలంగాణ జిద్దు, గుజరాతీ జీద్ ఒక్కటే మాట. అతడు ఏ భాషలో అన్నాడో అతనికే తెలియదు.

జిద్దు మంచిదేనా అన్నాను. అతడు నవ్వాడు. ‘‘మా సేటుకు సుత జిద్దే. మంగళారం పైసలు తియ్యడు. లచ్చిమి పోతదట. పగారు దినం మంగళారం పడ్డదంటే మాకు బుధారమే. బియ్యం దుకాణపోడు మరి మంగళారమే అడుగుతడు.’’ కొంచెమాగి, ‘‘సేటు మంచోడే సారూ. ఆయన జిద్దు ఆయనకుంటే మాకేంది? దానికి పైసలు మేం కడుతున్నం, గదీ కష్టం’’ అన్నాడు.

ఢిల్లీలో ఇన్నేండ్లుగా నాయకుల అలవాట్లను గురించి వ్రాసినదానిలో ఇంత స్పష్టమైన మాట ఈ విలేఖరి వ్రాసినట్లు గుర్తులేదు.

1907లో తపతి ఒడ్డున జరిగిన కాంగ్రెసు మహాసభలో, అధ్యక్షుడు వద్దన్నా వేదికమీదనుండి కదలనని చేతులు కట్టుకొని నిలబడిన తిలక్‌ను, ఆ గందరగోళంలో ఎగిరివచ్చి సురేంద్రనాథ్ బెనర్జీకి, ఫిరోజ్‌షా మెహతాకు తగిలిన చెప్పును చూచిన ఊరు ఇది. మొరార్జీని అయిదుసార్లు గెలిపించిన ఊరు ఇది. 2024 ఏప్రిల్‌లో ఇక్కడ లోక్‌సభ స్థానానికి పోలింగే జరగలేదు. కాంగ్రెసు అభ్యర్థి నామినేషన్‌మీద సంతకాలు తమవి కావని ప్రతిపాదించినవారే అనటంతో అది తిరస్కృతమైనది. మిగిలినవారు ఒకరి వెంట ఒకరు ఉపసంహరించుకున్నారు. 22వ తేదీన భారతీయ జనతాపార్టీ అభ్యర్థి ఏకగ్రీవంగా ఎన్నికైనట్లు ప్రకటించారు. పోటీనుండి వైదొలగనని భీష్మించిన ఒక్క మొండివాడు, ఒక్క వేదియో ఆ జాబితాలో మిగిలి ఉన్నట్లయితే లక్షలాదిమంది ఓటు వేసి ఉండేవారు.

లింబాయత్ పెద్దమనిషిని ఆ సంగతీ అడిగాను.

‘‘మాది నవ్‌సారి కిందికొస్తది సారూ. మేం ఏసినం. సేటుండే కాడనే ఓటు లేకుండె.’’

గుజరాత్‌లో పోలింగు జరిగినది మే 7వ తేదీన. అది మంగళవారం. ఆ మాట అంటే అతడు టీగ్లాసు క్రింద పెట్టి పెద్దగా నవ్వాడు. ‘‘గా దినం మాకు ఓటున్నది, పగారు లేదు’’ అని లేచి, షిఫ్టు వేళ అయినదని మగ్గాల సందులోనికి వెళ్లిపోయినాడు.